మా ఇంట్లో రెండు పటాలు
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



గోడకు తగిలించిన దేవుడి బొమ్మనూ పటం అంటాం, దేశాన్ని గీసిన కాగితాన్నీ పటం అంటాం. రెండింటికీ దణ్ణం పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు. కాశీ వెళ్ళినవారు భారతమాత మందిరం చూసే ఉంటారు. 1936లో గాంధీగారు ప్రారంభించిన ఆ గుడిలో విగ్రహం లేదు. చలువరాతిలో చెక్కిన అఖండ భారత పటమే అక్కడ అమ్మవారు.

మా ఇంటి సంగతి చెబుతాను. ఎల్బీ నగర్‌లో ఇల్లు మారేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలోంచి రెండు పాత పటాలు బయటపడ్డాయి. ఒకటి మా తాతగారిది. గుంటూరు నుంచి నాతోపాటు వచ్చింది. తెలుగు నేలనంతా ఒకే పసుపు రంగుతో నింపిన పటం. రెండోది మా మామగారు దాచుకున్న నిజాం రాజ్యం పటం. "అమ్మా, ఈ రాష్ట్రాలేవీ ఇప్పుడు లేవు కదా, పాత కాగితాలవాడికి వేసేద్దామా?" అన్నాడు మా అబ్బాయి. మా అత్తగారు మాట్లాడకుండా రెండో పటాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ రాత్రి రెండూ పక్కపక్కన పరిచి చూశాం. పిల్లలు ముందు మన ఎల్బీ నగర్ కోసం వెతికారు. ఎలా ఉంటుంది? లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరున వెలసిన పేట ఇది. ఉన్నవల్లా సరూర్‌నగర్, హయాత్‌నగర్. హయాత్‌నగర్ అన్నది కుతుబ్‌షాహీల ఆడపడుచు హయాత్ బక్షీ బేగం పేరు.

తర్వాత నా కళ్ళు మా తాతగారి పటం మీద పడ్డాయి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ రోజుల్లోనే జొన్నవిత్తుల గురునాథం మొదలైన గుంటూరు పెద్దలు తెలుగువారున్న చోట్లన్నీ కలిపి పటం గీయించి ప్రచారం చేశారు. అప్పటికి మనకంటూ ఒక రాష్ట్రం లేదు. పటం ముందు పుట్టింది, రాష్ట్రం తర్వాత పుట్టింది! మా తాతగారి పటమూ ఆ కోవదే. అందులో మద్రాసు నగరం మనదే, బళ్ళారీ మనదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ రెండూ రాలేదు.

మరి మామగారి పటమో? అందులో బేరారు కూడా నిజాం రంగులోనే ఉంది. 1853లోనే దాని పెత్తనం ఇంగ్లీషువాళ్ళకు పోయింది. 1902లో శాశ్వతంగా కౌలుకు రాసిచ్చారు. అయినా 1936లో నిజాంగారి పెద్ద కొడుకుకు 'బేరారు యువరాజు' అని బిరుదు దక్కింది. చేతిలో లేని ఊళ్ళు పటంలో ఉన్నాయి. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, ఎవరి పటంలో వాళ్ళ ఆశ కనిపిస్తుంది.

దొరలేమీ తక్కువ తినలేదు. 1782లో రెన్నెల్ అచ్చు వేయించిన హిందూస్థాన్ పటంలో ఒక మూల బొమ్మ ఉంది. బ్రాహ్మణులు తమ శాస్త్ర గ్రంథాలను బ్రిటానియా దేవతకు అప్పగిస్తూ ఉంటారు. అడిగి పుచ్చుకున్నట్టు బొమ్మ వేశారు గాని, లాక్కున్నట్టు వేస్తారా?

అందుకే పాత పటాలు దాచుకోవాలనే సరదా ఉన్నవారికి ఒక మాట. నచ్చిన పటం ఒక్కటే కొనకండి, దాన్ని కాదనే పటం కూడా పక్కన ఉంచండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు వెతికేటప్పుడు అట్లాసుల్లోంచి చింపిన కాగితాలు దొరకవచ్చు. ఎవరు అచ్చు వేశారు, ఏ సంవత్సరం, ఎవరి కోసం అన్నవి ముందు చూడండి. భూతద్దం పెడితే సన్నని రంగు చుక్కలు కనిపించాయా, పాతదాన్ని చూసి ఈమధ్య అచ్చు వేసిన నకలు కావచ్చు. చిరుగుకు సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి, ఎండ తగిలే గోడకు తగిలించకండి. మడతలు లేకుండా పొడిచోట ఉంచితే చాలు. నూరేళ్ళు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదని 1972 నాటి చట్టం ఉంది. అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ఇంతకీ మా అత్తగారు ఆ పటం ఎందుకు వదల్లేదో మర్నాడు కాఫీ తాగుతూ చెప్పారు. ఆవిడ పుట్టిల్లు బీదరు. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలోకి పోయింది. "నా పెళ్ళినాటికి అది వేరే రాష్ట్రమైపోయింది. ఇప్పుడు అందరూ నీది కర్ణాటకా అంటారు. ఈ ఒక్క కాగితంలోనే నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే రంగులో ఉన్నాయమ్మా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నిజాం పేరు చెబితే మా తాతగారికి ఒళ్ళు మండేది. ఆ పటంలో ఆయన చూసేది దొరతనం, ఈవిడ చూసేది అమ్మగారి ఊరు.

2014లో రాష్ట్రం విడిపోయాక పిల్లల పుస్తకాల్లో పటం మళ్ళీ మారింది. అదీ ఒక కాపీ తీసి ఉంచాను. ఎండ పడని గోడ చూసి మూడింటినీ పటాలు కట్టించి వరసగా పెట్టించాం. బొట్టు మాత్రం దేనికీ పెట్టలేదు.