ఒక చీటీకి వ్యాఖ్యానం

కిందటి మే నెలలో మా మేనల్లుడికి గిటారు వచ్చింది. దానితోపాటు ఒక చీటీ. ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: “కొత్త గిటారును గది వేడికి అలవాటు పడనిచ్చి పెట్టె విప్పండి.” రాసినవాళ్లది మంచు కురిసే దేశం, చదివేవాళ్లది నర్సీపట్నం. కాబట్టి ప్రతిపదార్థం తప్పదు.

కొత్త: ఈ మాటకు ఇక్కడ పెద్ద పని లేదు. పాత గిటారు పార్సెల్లో వచ్చినా నియమం ఇదే. దాటేద్దాం.

గిటారును: ఏకవచనం చూసి మోసపోకూడదు. ఒకరి తీరు ఒకరికి పడని అరడజను సరుకులను జిగురుతో కలిపి పెట్టిన ఉమ్మడి కాపురం ఇది. పైపలక 3 మి.మీ. మందం కూడా ఉండని స్ప్రూస్ చెక్క. ఆరు ఉక్కు తీగలూ కలిసి దాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. వేడికి ఉక్కు సాగినంతగా చెక్క తన పోగు వెంట సాగదు. పైన పూసిన పూతది ఇంకో లెక్క. చలిదేశాలవాళ్ల భయమంతా ఈ పూత గురించే. గడ్డకట్టే చలిలో వచ్చిన గిటారును వెచ్చటి గదిలో ఠక్కున బయటికి తీస్తే, నైట్రోసెల్యులోజ్ లక్కరు చెక్కతో సమంగా కదల్లేక సన్నటి గీతలుగా పగులుతుంది. మన ఊళ్లకు వచ్చే చవక గిటార్ల మీద ఎక్కువగా ఉండేది పాలీయురేథేన్ లాంటి గట్టి పూత. దానికి ఈ జబ్బు అరుదు.

మనం భయపడాల్సింది జిగురు గురించి. హైవే మీద అడ్డరోడ్డు దగ్గర మలుపు తిరిగి మా ఊరొచ్చిన వ్యానులోంచి ఆ మధ్యాహ్నం దించిన అట్టపెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. పొయ్యి మీంచి దించిన గిన్నె మూతలా ఉంది. కర్రపనికి వాడే జిగుర్లు చాలావరకు వేడికి మెత్తబడేవే. మెత్తబడిన జిగురు మీద ఆ 70 కిలోల లాగుడు పడితే తీగలు బిగించిన బ్రిడ్జి వెనక అంచు లేస్తుంది, సందులో కాగితం దూరేంత. “మావయ్యా, కత్తెరెక్కడుంది?” అని మావాడు అప్పటికే అల్మారాలన్నీ వెతుకుతున్నాడు. నేను చెప్పలేదు.

వీణ ఉన్న ఇళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు. వీణకు 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. ఎండలో పెడితే మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది, మళ్లీ మేళం కట్టించుకోవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను ఏకాండీగా తొలిచి చేసిన వీణకైనా ఈ గండం ఉన్నదే.

గది: ఏ గది? చలిదేశపు ఇంట్లో హీటరు పుణ్యమా అని చలికాలంలోనూ గది ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మన మేడమీద గది మే సాయంత్రం కూడా స్లాబులోంచి వేడి దించుతూనే ఉంటుంది. ఏసీ గది రాత్రొక ఊరు, పగలొక ఊరు. కింది అంతస్తులో, ఎండ తగలని గోడ పక్కన, రేపట్నించీ గిటారు ఉండబోయే చోటు అని అర్థం చెప్పుకోవాలి.

వేడికి: వ్యాఖ్యాత ఆగాల్సింది ఇక్కడ. వాక్యంలో ఒక మాట లోపించింది. “తేమకు” అని అధ్యాహారం చేసుకోవాలి. లెక్క చూడండి. 40 సెం.మీ. వెడల్పున్న పైపలక పది డిగ్రీల వేడి మార్పుకు అడ్డంగా సాగేది మిల్లీమీటరులో పదోవంతు. అదే చెక్కలో తేమ ఒక్క శాతం మారితే అర మిల్లీమీటరు కదులుతుంది. గిటార్లను సాధారణంగా 45–50 శాతం తేమ ఉన్న గాలిలో తయారుచేస్తారు. మన వానాకాలపు గాలిలో 80 దాటడం మామూలే. చెక్క తేమ పీల్చి పొట్ట ఉబ్బుతుంది, తీగలు పైకి లేచి వేళ్లు నొప్పెడతాయి. ఎప్పుడూ ఏసీలోనే ఉంచితే దీనికి తిరగబడి చెక్క కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల చివరలు అరచేతికి గీసుకుంటాయి. పక్కనే ఏటికొప్పాకలో బొమ్మలవాళ్లు అంకుడు కర్రను ఆరబెట్టకుండా లక్కపనికి దించరు. కర్ర సంగతి వాళ్లకు తెలిసినంతగా ఈ చీటీ రాసినవాళ్లకు తెలిసినట్టు లేదు.

అలవాటు పడనిచ్చి: 24 గంటలు అనడం ఆచారం. వేడి వరకైతే ఒక రాత్రి చాలు. తేమకు వారాలు పడుతుంది. అందువల్ల వచ్చిన మర్నాడే నెక్ వంగిందని దాని లోపలి రాడ్డు తిప్పించకండి, రెండు వారాలాగి చూడండి. ఇంకో సందర్భం ఉంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి నుంచి ఘాట్ దిగి గిటారుతో వచ్చేవాళ్లు సంచీ వెంటనే తెరవకూడదు. 24 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలిలో 18 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీరు పడుతుంది. ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మసకేయడం ఇదే.

పెట్టె: పెట్టెలు రెండు. బయటి అట్టపెట్టె నలిగిందో చిరిగిందో రాగానే చూసి ఫోనులో వీడియో తీసుకోవాలి, తిప్పి పంపే గడువు మన గది వేడి కోసం ఆగదు. ఆగాల్సింది లోపలి కేసు జిప్పు దగ్గర.

విప్పండి: తీశాక తీగలను ఒక్కసారే శ్రుతికి బిగించకండి, కొంచెం కొంచెంగా ఎక్కించండి.

మేం రాత్రి తొమ్మిదింటికి విప్పాం. ఈ చీటీ దొరికింది అప్పుడే, కేసు లోపల, తీగల సందున.