విండోస్ ఎక్స్‌పి: పాత వ్యవస్థను విడుచు వేళ

కంప్యూటరు మీట నొక్కిన పిమ్మట మేల్కొని, జ్ఞాపకమును, డిస్కును, తెరను అదుపులో ఉంచుకొని, తక్కిన కార్యక్రమములకు పని పంచిపెట్టు మూల కార్యక్రమమునే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ఇంటి కంప్యూటరునందు దీనిని ఎప్పుడు మార్చవలెను? ఈ ప్రశ్నకు విండోస్ ఎక్స్‌పి చరిత్ర చక్కని ఉదాహరణము.

మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌పిని 2001 అక్టోబరు 25న విడుదల చేసెను. దానికి కనీసము 64 మెగాబైట్ల జ్ఞాపకము చాలును. 2007 జనవరిలో ఇండ్లకు వచ్చిన విస్టాకు 512 మెగాబైట్లు కావలసివచ్చెను. పూర్తి హంగులు కావలెనన్నచో 1 గిగాబైటు. పాత ప్రింటర్లను, స్కానర్లను దానితో నడిపించు డ్రైవర్లు చాలవరకు సిద్ధముగా లేకుండెను. కాబట్టి నాడు ఎక్స్‌పిని వదలనివారిని సోమరులనరాదు. నిక్షేపముగా నడచు యంత్రమును మందగింపజేసికొనుటకు ఎవరు డబ్బు పెట్టుదురు? 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చుటతో ఈ చిక్కులు చాలవరకు తీరెను. అప్పటికే చాలమందికి ఆగుట అలవాటైపోయెను.

ఆపరేటింగ్ సిస్టమ్ బండిచక్రమువలె అరుగదు. కోట్లకొలది పంక్తుల ఆదేశములలో పుట్టుకనుండియు దాగియున్న లోపములు ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా బయటపడుచుండును. తయారుచేసినవారు దిద్దుబాట్లు పంపుచున్నంతకాలము కొంత నిశ్చింత. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పికి అవి ఆగిపోయెను. మరునాడును కంప్యూటరు ఎప్పటివలెనే వెలిగెను. చిక్కంతయు అందులోనే ఉన్నది. కొత్త వ్యవస్థకు పంపిన దిద్దుబాటును పరిశీలించి, అదే లోపము పాతదానిలో ఎచ్చటనున్నదో దొంగలు కనుగొనగలరు.

2017 మే 12న వాన్నాక్రై అను చీడ ప్రపంచమంతట వ్యాపించెను. అది ఛాయాచిత్రములు, లెక్కలు మొదలగు దస్త్రములను రహస్యలిపిలోనికి మార్చి, విడిపించుటకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు అడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రుల శస్త్రచికిత్సలు వాయిదా పడెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నియు దెబ్బతినెను. నింద ఎక్స్‌పిపై పడెను. తీరా లెక్క చూడగా, చీడ సోకినవానిలో అత్యధికము విండోస్ 7 యంత్రములే! వానికి దిద్దుబాటు మార్చి 14ననే వచ్చియుండెను, యజమానులు చేర్చుకొనలేదు. ఎక్స్‌పి వాడు సామాన్యులకు మాత్రము దాడి జరిగిన తరువాతనే, నియమము సడలించి, దిద్దుబాటు నిచ్చిరి.

అనగా వ్యవస్థను మార్చుటకు దిద్దుబాట్లు ఆగు తేదీవరకు వ్యవధి కలదు. దిద్దుబాటును చేర్చుకొనుటకు అట్టి వ్యవధి లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసెను. ఈసారి చిక్కు వేరు: టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా ఏర్పాటు లేని యంత్రములను, అవి ఎంత బాగుగా నడచుచున్నను, విండోస్ 11కు తగినవిగా మైక్రోసాఫ్ట్ అంగీకరింపదు. అట్టి యంత్రముగలవారికి లినక్స్ ఒక దారి. ఏ దారి పట్టినను, దస్త్రములకు వేరొక డిస్కులో నకలు తీసికొనుట మొదటి పని.