మెలోడిక్ రాక్‌లో మేటి గాయకులు: లిటిల్ రివర్ బ్యాండ్ చెప్పే చరిత్ర

మెలోడిక్ క్లాసిక్ రాక్ 1970ల నడుమ నుంచి 1980ల చివరి దాకా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా రేడియోలను ఏలిన సంగీతం. గిటార్ల హోరు, డ్రమ్ముల దరువు ఇందులోనూ ఉంటాయి. పాటను నిలబెట్టేది మాత్రం పల్లవి వరుస, దాన్ని మోసే గొంతు, ఆ గొంతుకు వెనక వేర్వేరు స్థాయిల్లో కలిసే తోడు గొంతులు. గాయకుడి మీద ఇంత బరువు పడుతుంది కనుకనే ఇందులో మేటి ఎవరన్న వాదం మొదటి నుంచీ తెగలేదు. ఆస్ట్రేలియా దగ్గర ఈ వాదానికి పనికొచ్చే అరుదైన ఆధారం ఒకటి ఉంది. మెల్బోర్న్‌లో పుట్టిన లిటిల్ రివర్ బ్యాండ్ ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే రచయితలతో, ముగ్గురు వేర్వేరు ప్రధాన గాయకుల గొంతులతో అమెరికా జాబితాల్లోకి ఎక్కింది. గొంతు మారితే పాటకు ఏమవుతుందో ఆ రికార్డులే చెబుతాయి.

ఊరు, పేరు

ఈ బృందానికి పేరిచ్చిన ఊరికి రైలు దారి నేటి టార్నీట్ మీదుగా వెళ్తుంది. టార్నీట్ మెల్బోర్న్ నగర కేంద్రానికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, విండమ్ నగరపాలిక పరిధిలో ఉన్న శివారు. 2021 జనగణన నాటికి జనాభా 56 వేలు దాటింది. భారతదేశంలో పుట్టినవారు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 2015 జూన్ 21న ఇక్కడ రైల్వే స్టేషన్ మొదలైంది. జీలాంగ్ వెళ్లే రైలెక్కితే టార్నీట్ తర్వాత విండమ్ వేల్, ఆ తర్వాతి స్టేషన్ లిటిల్ రివర్. యూ యాంగ్స్ కొండల దగ్గరి చిన్న ఊరది, సగం విండమ్‌కూ సగం గ్రేటర్ జీలాంగ్‌కూ చెందుతుంది.

1975లో టార్నీట్ అంతా పొలాలే. ఆ ఏడాది మెల్బోర్న్‌లో కొత్తగా కూడిన ఒక బృందం కచేరీ కోసం జీలాంగ్ రోడ్డు మీద వెళ్తోంది. ఇంకా పేరు కుదరలేదు. దారిలో లిటిల్ రివర్‌కు మళ్లే చోట ఉన్న బోర్డు గాయకుడు గ్లెన్ షారాక్ కంటపడింది. అదే బృందానికి పేరైంది.

వలస వచ్చిన గొంతులు

షారాక్ 1944లో ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లాలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం దక్షిణ ఆస్ట్రేలియాకు తరలింది, అడిలైడ్ శివారు ఎలిజబెత్‌లో పెరిగాడు. గిటార్ వాయిస్తూ పాడే బీబ్ బర్టల్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టినవాడు. తర్వాత ఈ బృందంలోకి వచ్చిన జాన్ ఫార్నమ్ 1949లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హమ్‌లో పుట్టి, పదేళ్ల వయసులో మెల్బోర్న్ చేరాడు. బృందం బయట చూసినా ఇదే కథ. ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్, కోల్డ్ చిజల్ గాయకుడు జిమ్మీ బార్న్స్, మెన్ ఎట్ వర్క్ గాయకుడు కోలిన్ హే, ముగ్గురూ స్కాట్లాండ్ పిల్లలు. అంతకుముందు తరాన్ని ఊపిన ఈజీబీట్స్ బృందం సిడ్నీలోని విల్లావుడ్ వలసదారుల వసతి గృహంలోనే కూడింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం బ్రిటిష్ కుటుంబాలను పది పౌండ్ల టికెట్‌తో ఓడల్లో రప్పించుకుంది. ఫ్యాక్టరీల చుట్టూ లేచిన కొత్త శివార్లలో ఆ పిల్లలు పెరిగారు, గ్యారేజీల్లో, చర్చి హాళ్లలో వాయించడం నేర్చుకున్నారు. ఆస్ట్రేలియా రాక్ గొంతుగా ప్రపంచం విన్నది చాలావరకు వీరి గొంతే. ఆసియావారికి మాత్రం ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. తెల్లవారికే చోటన్న వలస విధానం పూర్తిగా తొలగింది 1973లో. లిటిల్ రివర్ బ్యాండ్ పుట్టడానికి అప్పటికి రెండేళ్లే ఉంది. ఈ శివార్లలో తెలుగు వినిపించడం ఆ తర్వాతి మాట.

మొదటి గొంతు: గ్లెన్ షారాక్

గ్రాహమ్ గోబుల్, బీబ్ బర్టల్స్, డ్రమ్మర్ డెరెక్ పెలిచి అంతకుముందు మిసిసిపీ అనే బృందంలో ఉండేవారు. మాస్టర్స్ అప్రెంటిసెస్ బృందంలో బేస్ వాయించిన గ్లెన్ వీట్లీ మేనేజర్‌గా మారి, షారాక్‌ను వారితో కలిపాడు. మొదటి నుంచీ వీట్లీ గురి అమెరికా మీదే. ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకుని అక్కడే ఆగిపోయిన బృందాలను అతను దగ్గరగా చూశాడు.

బృందం బలం మూడు గొంతుల కలయిక. పైస్థాయిలో గోబుల్, నడుమ బర్టల్స్, ముందు నిలబడి షారాక్. షారాక్ గొంతు తారస్థాయికి ఎగబాకి జనాన్ని అబ్బురపరిచే రకం కాదు. మధ్యస్థాయిలో వెచ్చగా, మాట స్పష్టంగా, కథ చెబుతున్నట్టు సాగుతుంది. పాటలన్నీ ఆ గొంతు ఎరిగినవారు రాసినవి, కొన్ని అతను సొంతంగా రాసుకున్నవి. ‘హెల్ప్ ఈజ్ ఆన్ ఇట్స్ వే’ అతని రచనే, 1977లో ఆస్ట్రేలియాలో మొదటి స్థానం అందుకుంది. 1978లో ‘స్లీపర్ క్యాచర్’ ఆల్బమ్ నుంచి వచ్చిన గోబుల్ రచన ‘రెమినిసింగ్’ బిల్‌బోర్డ్ హాట్ 100లో 3వ స్థానానికి చేరింది. గ్లెన్ మిల్లర్, కోల్ పోర్టర్‌ల నాటి ప్రేమకథను తలచుకునే ఆ పాటను షారాక్ ఏ మాత్రం ఒత్తిడి పెట్టకుండా పాడాడు. అమెరికా రేడియోల్లో అది 50 లక్షల సార్లకు పైగా ప్రసారమైందని అక్కడి హక్కుల సంస్థ బీఎంఐ గుర్తించింది. 1979లో ‘లోన్సమ్ లూజర్’ 6వ స్థానానికి, షారాక్ రచన ‘కూల్ చేంజ్’ ఆ వెనకే 10వ స్థానానికి చేరాయి. మొదటిది వాద్యాలేవీ లేకుండా గొంతులతోనే ఎత్తుకుంటుంది. ఈ బృందం గాత్ర పొందిక ఎంతటిదో ఆ కొన్ని సెకన్లలోనే తేలిపోతుంది.

1981 నాటి ‘టైమ్ ఎక్స్‌పోజర్’ ఆల్బమ్‌ను బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కరీబియన్ ద్వీపం మాంట్‌సెరాట్‌లో తీర్చిదిద్దాడు. అందులో ‘ది నైట్ ఔల్స్’ను పాడింది అంతకుముందు ఏడాదే చేరిన అమెరికన్ బేస్ వాద్యకారుడు వేన్ నెల్సన్. అదీ 6వ స్థానం వరకు వెళ్లింది. ముదురు రాక్‌కు సరిపడే గట్టి గొంతు నెల్సన్‌ది. ఆ సమయానికే బృందంలో మనస్పర్థలు పెరిగాయి. 1982 మొదట్లో షారాక్‌ను తప్పించారు.

రెండో గొంతు: జాన్ ఫార్నమ్

షారాక్ చోటులోకి ఫార్నమ్ వచ్చాడు. సాంకేతికంగా చూస్తే బృందానికి ఇంతకంటే మంచి గాయకుడు దొరకడు. ఫార్నమ్ 1967లో ‘సేడీ’ అనే హాస్యగీతంతో కుర్రకారు తారగా మారాడు. 1969 నుంచి వరుసగా ఐదేళ్లు ‘కింగ్ ఆఫ్ పాప్’ బిరుదు అందుకున్నాడు. తర్వాత అవకాశాలు తగ్గి క్లబ్బుల్లో పాడాడు. 1980లో గోబుల్ నిర్మించిన ‘అన్‌కవర్డ్’ ఆల్బమ్‌లో బీటిల్స్ పాట ‘హెల్ప్!’ను నెమ్మదిగా, గొంతెత్తి పాడి, తనను మరచినవాళ్లను తిరిగి తన వైపు తిప్పుకున్నాడు. విశాలమైన స్థాయి, చెదరని శ్రుతి, పల్లవి చివర ఎంత పైకి వెళ్లినా పలచబడని బరువు అతని సొత్తు.

అయినా అమెరికాలో బృందం మెట్లు దిగింది. ‘ది అదర్ గై’ 11వ స్థానానికి, ‘వీ టూ’ 22వ స్థానానికి, ‘యూ ఆర్ డ్రైవింగ్ మీ ఔట్ ఆఫ్ మై మైండ్’ 35వ స్థానానికి చేరి ఆగాయి. 1985 నాటి ‘ప్లేయింగ్ టు విన్’ 60 దగ్గరే నిలిచిపోయింది. సింథసైజర్లు, వీడియో పాటలు వచ్చి అభిరుచి మారిందన్నది ఒక కారణం, అది నిజమే. అసలు కారణం మరొకటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. షారాక్ గొంతులోని తీరికకు అలవాటుపడ్డ వరుసల్లోకి ఫార్నమ్ బలం ఇమడలేదు. మూడు గొంతులు సమానంగా కలవాల్సిన చోట ఒక గొంతు మిగతా రెండిటినీ కమ్మేసింది.

1986లో ఫార్నమ్ బయటికి వచ్చాడు. పెద్ద కంపెనీలేవీ ఆసక్తి చూపలేదు. వీట్లీ తన ఇల్లు తాకట్టు పెట్టి ఆల్బమ్‌కు డబ్బు తెచ్చాడు. నిర్మాత రాస్ ఫ్రేజర్, కీబోర్డ్ వాద్యకారుడు డేవిడ్ హిర్ష్‌ఫెల్డర్ సాయంతో చాలా పని మెల్బోర్న్ శివారు బుల్లీన్‌లో ఒక ఇంటి గ్యారేజీలోనే సాగింది. ఆ ఆల్బమ్ ‘విస్పరింగ్ జాక్’. ఆస్ట్రేలియాలో 25 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ దేశపు కళాకారుల ఆల్బమ్‌లలో స్వదేశంలో అత్యధికంగా అమ్ముడైనది ఇదే. ఇందులోని ‘యూ ఆర్ ది వాయిస్’ ఏడు వారాలు అగ్రస్థానంలో ఉంది, బ్రిటన్‌లో 6వ స్థానానికి చేరింది. పాట నడుమ స్కాటిష్ బ్యాగ్‌పైప్‌లు మోగుతాయి. వాటి మీదుగా కూడా గొంతు వినబడేలా పాడగలిగినవాళ్లు ఎందరుంటారు? అమెరికాలో మాత్రం ఈ పాట 1990లో 82వ స్థానం దాటలేదు. అమెరికన్ జాబితాల్లో ఫార్నమ్ పేరు అరుదుగా కనబడటానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

జాబితాలు ఎలా పుట్టాయి

పాశ్చాత్య పత్రికల వరుసల్లో ప్రసిద్ధమైనది 2008లో రోలింగ్ స్టోన్ వేసిన వంద మంది జాబితా. 179 మంది సంగీత ప్రముఖుల ఓట్లతో తయారైంది. అరేథా ఫ్రాంక్లిన్‌కు మొదటి స్థానం, రాక్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు 15, క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి 18. మెలోడిక్ రాక్‌కు పెద్దదిక్కైన జర్నీ గాయకుడు స్టీవ్ పెర్రీకి 76వ స్థానం దక్కింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ప్లానెట్ రాక్ రేడియో శ్రోతలు ప్లాంట్‌ను అగ్రస్థానంలో కూర్చోబెట్టారు. 2023లో రోలింగ్ స్టోన్ మళ్లీ 200 మంది జాబితా వేసింది, అందులో లతా మంగేష్కర్‌కు 84వ స్థానం. బాలసుబ్రహ్మణ్యం పేరు లేదు. ఓటేసేవారికి తెలియని గొంతు ఎంత గొప్పదైనా వరుసలోకి రాదు. ఫార్నమ్‌కు అమెరికాలో జరిగిందీ, బాలుకు అక్కడ జరిగిందీ ఒకటే.

ఆడగొంతులకూ ఈ శాఖ జాబితాల్లో న్యాయం జరగలేదు. హార్ట్ బృందం గాయని ఆన్ విల్సన్, వరుసగా నాలుగేళ్లు రాక్ గాయనిగా గ్రామీ అందుకున్న పాట్ బెనటార్ పెర్రీ సరసన నిలవదగినవారు. అభిమానులు మెలోడిక్ రాక్ అనగానే మగవాళ్ల పేర్లే చదవడం అలవాటైపోయింది.

గొంతును కొలిచినప్పుడు

మెర్క్యురీ అసలు పేరు ఫారూఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, మహారాష్ట్రలోని పంచగని సెయింట్ పీటర్స్ పాఠశాలలో చదివాడు. అక్కడే హెక్టిక్స్ అనే బృందంలో వాయించాడు. అతని గొంతు నాలుగు స్థాయిలు పలుకుతుందని అభిమానులు చెప్పుకునేవారు. 2016లో క్రిస్టియన్ హెర్బ్‌స్ట్, సహచరులు ప్రచురించిన పరిశోధన ఆ మాటను ధ్రువపరచలేకపోయింది. ఇంటర్వ్యూల్లో అతని మాటల సగటు పౌనఃపున్యం 117 హెర్ట్జ్‌ల చిల్లర, అంటే సహజంగా మగవారి నడిమి గొంతు. మరి ఆ పాటలో మెరుపు ఎక్కడిది? మన కంపిత గమకానికి దగ్గరగా ఉండే వైబ్రాటో అతనిలో సెకనుకు సుమారు 7 సార్లు ఊగింది, సాధారణ గాయకులకంటే వేగంగా. స్వరతంత్రుల పైనుండే మడతలను కూడా కంపింపజేసి గరుకుదనం తెచ్చేవాడని, అతన్ని అనుకరించిన గాయకుడి గొంతులోకి వేగపు కెమెరా పంపి పరిశోధకులు అంచనా వేశారు. స్థాయి వెడల్పు ఒక్కటే గొప్పతనానికి కొలత కాదని దీంతో తేలింది.

బోస్టన్ బృందం 1976 నాటి తొలి ఆల్బమ్ ఇంకో పాఠం. అందులో వినబడే ప్రధాన గొంతు, తోడు గొంతులు అన్నీ బ్రాడ్ డెల్ప్ ఒక్కడివే, పొర మీద పొర రికార్డు చేసినవి. అమెరికాలోనే కోటీ 70 లక్షల ప్రతులకు ధ్రువీకరణ పొందింది. జర్నీ కథ వేరు. పెర్రీ వెళ్లిపోయాక చాలాకాలానికి, 2007లో, గిటారిస్ట్ నీల్ షాన్ యూట్యూబ్‌లో మనీలా గాయకుడు ఆర్నెల్ పినెడాను చూసి పిలిపించాడు. పినెడా ఆ పైస్వరాలన్నీ పలికాడు, సభలు నింపాడు. అయినా ఆ పాటలు పెర్రీవిగానే మిగిలాయి, ఎందుకంటే సామ్ కుక్‌ను వింటూ పెరిగిన పెర్రీ పదాన్ని సాగదీసే తీరు మీదే వాటి వరుసలు అల్లుకున్నాయి.

పేరు కోసం తగువు

షారాక్ 1980ల చివర తిరిగి వచ్చి 1996 దాకా పాడాడు. ఆ తర్వాత బృందం పేరు మీద హక్కు గిటారిస్ట్ స్టీఫెన్ హౌస్‌డెన్ చేతికి వెళ్లింది. 2002లో బర్టల్స్, షారాక్, గోబుల్ మళ్లీ కలిసినప్పుడు, తాము పెట్టుకున్న పేరుతో తామే పాడలేక సొంత ఇంటిపేర్లతో వేదిక ఎక్కారు. అసలు పేరుతో అమెరికాలో తిరుగుతున్న బృందానికి వేన్ నెల్సన్ నాయకుడు. 2004లో అరియా హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బృందాన్ని చేర్చుకుంది, ఫార్నమ్ అంతకు ఏడాది ముందే చేరాడు. వీట్లీ 2022 ఫిబ్రవరిలో కోవిడ్ సమస్యలతో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో ఫార్నమ్‌కు నోటి క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది, దవడలో కొంత భాగం తీసేశారు. 2023లో ఆదివాసీ ప్రజలకు పార్లమెంటులో వాణి కోసం జరిగిన రిఫరెండంలో, ‘అవును’ పక్షం ప్రచారానికి ‘యూ ఆర్ ది వాయిస్’ను వాడుకోవడానికి అతను అనుమతించాడు. ఆ ప్రతిపాదన ఓడింది.

వరుస

మొత్తం మెలోడిక్ రాక్‌లో మొదటి స్థానం స్టీవ్ పెర్రీది, ఆ వెనక డెల్ప్, ఫార్నమ్, ఆన్ విల్సన్. మెర్క్యురీ ఈ శాఖకు కట్టుబడినవాడు కాదు కనుక అతన్ని ఈ వరుసలో నిలబెట్టడం సరికాదు. లిటిల్ రివర్ బ్యాండ్ వరకే చూస్తే తీర్పు మారుతుంది. ఫార్నమ్ గొప్ప గాయకుడు, షారాక్ ఆ పాటలకు సరైన గాయకుడు. బృందంలో మొదటి చోటు షారాక్‌దే, మూడోది నెల్సన్‌ది. ఒప్పుకోని పాఠకులు ‘స్లీపర్ క్యాచర్’, 1983 నాటి ‘ది నెట్’, ‘విస్పరింగ్ జాక్’ ఇదే వరుసలో విని, ఆ తర్వాత తమ జాబితా తాము వేసుకోవాలి.