ఆకలి లేని చేపకు ఎర: అట్లాంటిక్ సాల్మన్ వేట సాధనాల చరిత్ర

వ్యాససంగ్రహం:

గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి తిరిగివచ్చే అట్లాంటిక్ సాల్మన్ నదిలో ఆహారం తీసుకోదు. అయినా బ్రిటిష్ దీవుల నదులలో అయిదు శతాబ్దాలకు పైగా దానికి గాలం వేస్తూనే ఉన్నారు. ఏ ఎర వాడాలి, ఏ కర్ర పట్టాలి అన్న ఎంపికను చేప ఆకలి నిర్ణయించలేదు. వాణిజ్యం, భూస్వామ్యం, చట్టం, అభిరుచి దానిని నిర్ణయించాయి. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సాల్మన్, గాలం, ఎర, ఫ్లై, అడవికోడి, ఈకల వ్యాపారం, మత్స్య చట్టాలు.

1. ఉపోద్ఘాతం:

గోదావరి తీరవాసులకు సాల్మన్ జీవనక్రమం పూర్తిగా అపరిచితమైనది కాదు. వరదకాలంలో సముద్రాన్ని విడిచి నదికి ఎదురీదే పులస వలెనే అట్లాంటిక్ సాల్మన్ కూడా ఉప్పునీటిలో పెరిగి, సంతానోత్పత్తి కోసం మంచినీటిని చేరుతుంది. లిన్నేయస్ 1758లో దీనికి 'సాల్మో సలార్' అని శాస్త్రీయనామం పెట్టాడు. పిల్లచేప నదిలో కీటకాలను తిని పెరుగుతుంది. తరువాత సముద్రానికి వెళ్లి, అక్కడ ఒకటి రెండేళ్లో అంతకన్నా ఎక్కువకాలమో గడిపి, కొవ్వు పట్టి, పుట్టిన నదికే తిరిగివస్తుంది.

ఈ తిరుగు ప్రయాణంలో ఒక విశేషం ఉంది. నదిలో ప్రవేశించిన పెద్ద సాల్మన్ మేత మానేస్తుంది. గుడ్లు పెట్టేవరకు నెలల తరబడి సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే బతుకుతుంది. పట్టుబడిన చేపల కడుపు కోసి చూస్తే సాధారణంగా ఖాళీగానే కనిపిస్తుంది. ఎర అనే ఉపాయానికి మూలం ఆకలి. ఆకలే లేని చేపకు ఏ ఎర వేయాలి?

అయినా సాల్మన్ అప్పుడప్పుడు గాలాన్ని అందుకుంటుంది. చిన్ననాటి మేత అలవాటు మేల్కొనడం వల్ల అని కొందరు, తన తావులోకి వచ్చిన వస్తువుపై కోపం వల్ల అని కొందరు, కేవలం కుతూహలం వల్ల అని మరికొందరు వివరించారు. వీటిలో ఏదీ తిరుగులేని నిర్ధారణగా నిలవలేదు. చేప ఇవ్వని ఈ జవాబును మనుషులే తమ కాలానికి, తమ స్థితిగతులకు తగినట్లు పూరించుకుంటూ వచ్చారు. సాల్మన్ ఎరల చరిత్ర ఆ విధంగా మానవ సమాజ చరిత్ర అయింది.

2. వానపాము నుంచి చేపగుడ్ల వరకు:

ఆంగ్లభాషలో గాలపు వేటపై అచ్చయిన తొలి రచన 1496లో వెలువడింది. వింకిన్ డి వోర్డ్ ముద్రించిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' రెండవ కూర్పులో ఇది ఒక భాగం. సంప్రదాయం దీనిని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసినికి ఆపాదించింది గాని, ఆ కర్తృత్వం సందేహాస్పదమే. మంచినీట గాలానికి దొరికే చేపలలో సాల్మన్‌ను అత్యంత ఘనమైనదిగా ఈ రచన పేర్కొంటుంది. లోతునీటిలో ఉంటుంది కనుక పట్టడం కష్టమని కూడా చెబుతుంది. ఎర్రని వానపాము, పెంటకుప్పలలో పుట్టే పురుగు ఇందులో సూచించిన ఎరలు. గుర్రపు వెంట్రుకలను పేని దారం చేసుకొనే ఆ కాలంలో సాల్మన్ కోసం 15 వెంట్రుకల దారం కావాలని నిర్దేశించింది.

ఐజాక్ వాల్టన్ రచించిన 'ది కంప్లీట్ యాంగ్లర్' 1653లో వెలువడి, ఆయన జీవితకాలంలోనే అయిదు కూర్పులు పొందింది. సాల్మన్ వేటలో కర్ర కొసన తీగ ఉంగరాన్ని, చేతి దగ్గర దారం చుట్టుకొనే చక్రాన్ని కొందరు వాడుతున్నారని ఆయన నమోదు చేశాడు. తరువాతి కాలపు రీలుకు పూర్వరూపం ఇదే. ఐవీ పండ్ల తైలం వాసన పట్టించిన వానపాములతో చేపను ఆకర్షించవచ్చన్న ఒక పాత వేటగాని రహస్యాన్ని కూడా ఆయన ప్రస్తావించాడు.

ఆ దశాబ్దంలోనే థామస్ బార్కర్ మరో ఎరను వెల్లడించాడు. అది సాల్మన్ గుడ్లు, అంటే సెన. ట్రౌట్ చేపలు దానికి విపరీతంగా లొంగుతాయని ఆయన ప్రకటించాడు. ఈ ఎరలో ఒక ప్రమాదం దాగి ఉంది. సెన కావాలంటే గుడ్లు పెట్టబోయే ఆడ సాల్మన్‌ను చంపాలి. ఒక చేపకు ఎర మరొక చేప సంతానమే అయింది. దీని ఫలితం రెండు శతాబ్దాల తరువాత చట్టసభ వరకు వెళ్లింది.

3. కర్ర, దారం, రీలు:

18వ శతాబ్దంలో గుర్రపు వెంట్రుక స్థానాన్ని గాలం దగ్గరి భాగంలో 'గట్' ఆక్రమించసాగింది. గూడు అల్లడానికి సిద్ధమైన పట్టుపురుగును పులిసిన ద్రావకంలో నానబెట్టి, దాని పట్టుగ్రంథిని సాగదీస్తే వచ్చే పారదర్శకమైన పోగు ఇది. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతం దీనికి ప్రసిద్ధి పొందింది. ఎండితే పెళుసుగా మారుతుంది కనుక వేటకు ముందు నీటిలో నానబెట్టుకోవలసి వచ్చేది. 20వ శతాబ్దం మధ్యలో నైలాన్ వ్యాపించేవరకు స్కాట్లాండ్ నదిలో చేపకూ మనిషికీ మధ్య నిలిచిన బంధం ఈ పట్టుపోగే.

కర్ర విషయంలోనూ దూరదేశాల సరుకే ఆధారమైంది. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన గ్రీన్‌హార్ట్ అనే బరువైన, బలమైన కలపతో రెండు చేతులా పట్టి విసిరే పొడవాటి కర్రలు తయారయ్యాయి. కలకత్తా రేవు నుంచి ఎగుమతైన వెదురుకు 'కలకత్తా కేన్' అనే పేరు స్థిరపడింది. వెదురును నిలువుగా చీల్చి, ఆరు బద్దలను అతికించి చేసే కర్రలకు తొలిదశలో ఇదే ముడిసరుకు. తరువాత చైనా నుంచి వచ్చిన టోంకిన్ వెదురు దానిని వెనక్కు నెట్టింది. 1872లో ఆల్నిక్ పట్టణంలో స్థాపితమైన హార్డీ సోదరుల సంస్థ ఈ వెదురు కర్రలతోను, 1891 నాటి 'పర్ఫెక్ట్' రీలుతోను ప్రఖ్యాతి పొందింది.

తేలికైన ఎరను దూరం విసరడం చాలాకాలం సమస్యగా ఉండేది. రీలు తిరిగే వేగానికి దారం చిక్కుపడేది. పెర్త్ నగరానికి చెందిన పి. డి. మాలక్ 1884లో పేటెంటు పొందిన రీలును విసిరేటప్పుడు పక్కకు తిప్పి, దారం దానంతట అదే జారిపోయేలా చేయవచ్చు. 1905లో ఇల్లింగ్‌వర్త్ పేటెంటు పొందిన రీలులో దారపు ఉండ కదలకుండా నిలిచి ఉంటుంది. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న స్పిన్నింగ్ రీళ్లకు ఇది మూలం. ఈ మార్పుల వల్ల చిన్న చేపను, లోహపు ఎరను నీటిలో తిప్పుతూ లాగే పద్ధతి సామాన్య వేటగానికి కూడా అందుబాటులోకి వచ్చింది.

4. ఈకల వైభవం:

ఈకలు, పట్టుదారం, బొచ్చు, వెండితీగలను గాలానికి చుట్టి కట్టే కృత్రిమ ఎరను 'ఫ్లై' అంటారు. ట్రౌట్ కోసం కట్టే ఫ్లై ఏదో ఒక కీటకాన్ని పోలి ఉంటుంది. సాల్మన్ ఫ్లైకి ఆ నియమం లేదు. విలియం స్క్రోప్ 1843లో ట్వీడ్ నది వేటపై రాసిన గ్రంథంలో సిఫారసు చేసిన ఫ్లైలు ఆరు మాత్రమే. అవి స్థానికంగా దొరికే ఈకలతో, ఉన్నితో కట్టిన నిరాడంబరమైనవి.

తరువాతి అర్ధశతాబ్దంలో దృశ్యం మారిపోయింది. లండన్‌లో స్థిరపడిన ఐరిష్ నిపుణుడు విలియం బ్లాకర్ రంగురంగుల ఫ్లైలకు ప్రచారం తెచ్చాడు. 1895లో జార్జ్ కెల్సన్ 'ది సాల్మన్ ఫ్లై' గ్రంథంలో వాటిని ఒక శాస్త్రంగా వర్గీకరించే ప్రయత్నం చేశాడు. 19వ శతాబ్దం మధ్యలో పుట్టిన 'జాక్ స్కాట్' అనే ఒక్క ఫ్లైలోనే టూకాన్, మకా, నెమలి, గిన్నీకోడి, బంగారు ఫెజెంట్, అడవికోడి ఈకలు కలిశాయి. సామ్రాజ్యపు ఓడలు ఏ రేవులను తాకాయో ఈ అంగుళాల వస్తువు చెప్పగలదు. 'ఇండియన్ క్రో' అన్న పేరుతో అమ్ముడైన ఎర్రని ఈక నిజానికి దక్షిణ అమెరికా పక్షిది. భారతదేశంతో దానికి సంబంధం లేదు.

నిజంగా భారతదేశం నుంచి వెళ్లింది అడవికోడి ఈక. ద్వీపకల్ప భారతంలో మాత్రమే జీవించే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకలపై మైనం పూసినట్లు మెరిసే పసుపు, తెలుపు చుక్కలు ఉంటాయి. ఫ్లైకి ఇరువైపులా వీటిని కడితే చిన్నచేప కన్నులా కనిపిస్తాయని వేటగాళ్లు విశ్వసించారు. దక్కను, నీలగిరి అడవుల పక్షి ఆ విధంగా స్కాట్లాండ్ వేట పెట్టెలలో తప్పనిసరి వస్తువైంది. 1902లో భారత ప్రభుత్వం పక్షుల చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. 1921లో బ్రిటన్ ఈకల దిగుమతిపై చట్టం చేసింది. స్త్రీల టోపీల అలంకరణకై సాగిన పక్షుల సంహారమే ఈ చట్టాలకు ప్రధాన కారణం. అయినా ఫ్లై కట్టేవారు కూడా క్రమంగా రంగు వేసిన నాటు ఈకలను, జంతువుల వెంట్రుకలను ఆశ్రయించవలసి వచ్చింది. వెంట్రుకలతో కట్టిన ఫ్లైలకూ చేపలు పడ్డాయి.

5. చట్టం, అంతస్తు:

ఎర ఎంపికలో చట్టం పాత్ర స్పష్టమైనది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించిన 1861 నాటి సాల్మన్ మత్స్య చట్టం చేపగుడ్లను ఎరగా వాడడాన్ని, వాటి క్రయవిక్రయాలను నిషేధించింది. రాత్రివేళ దివిటీ వెలుగులో బల్లెంతో పొడిచే పద్ధతి కూడా నిషిద్ధమైంది. స్క్రోప్ గ్రంథంలో ఆనందంగా వర్ణితమైన ఆ వేట రెండు దశాబ్దాలు తిరగకముందే నేరమైంది. గుడ్ల ఎరపై నిషేధాన్ని 1975 నాటి చట్టం కూడా కొనసాగించింది.

చట్టం వెనుక ఆస్తిహక్కు ఉంది. స్కాట్లాండ్‌లో సాల్మన్ వేట హక్కు భూమితో నిమిత్తం లేని ప్రత్యేక ఆస్తి. దానిని అమ్మవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు. నది భాగాలను కౌలుకు తీసుకున్న ధనికులు ఫ్లైని మర్యాదగల సాధనంగా, వానపామును, ఉడికించిన రొయ్యను తక్కువస్థాయి ఎరలుగా భావించారు. అనేక చోట్ల 'ఫ్లై మాత్రమే' అన్న నియమం ఏర్పడింది. సంరక్షణ, అంతస్తు ఈ నియమంలో విడదీయరానంతగా కలిసిపోయాయి.

6. పరిమాణమా, రంగా?

ఈకల సిద్ధాంతానికి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే రెండువైపుల నుంచి సవాలు ఎదురైంది. డీ నదిపై కెయిర్న్‌టన్‌లో వేటాడిన ఎ. హెచ్. ఇ. వుడ్ పట్టుదారానికి కొవ్వు పూసి నీటిపై తేలేలా చేశాడు. వేసవిలో నీరు వెచ్చబడి, ప్రవాహం తగ్గినప్పుడు పలుచగా కట్టిన చిన్న ఫ్లైని నీటి పైపొరలో సహజంగా కొట్టుకుపోనివ్వడం ఆయన పద్ధతి. ఫ్లై పరిమాణం, అది నీటిలో సాగే తీరు ముఖ్యమని, రంగుకు అంత ప్రాధాన్యం లేదని ఆయన అనుభవం సూచించింది. ఈ పద్ధతి వివరాలు ఆయన మరణానంతరం 1935లో గ్రంథరూపం పొందాయి.

రెండవ సవాలు టే నదిలో ఎదురైంది. 1922 అక్టోబర్ 7న జార్జినా బాలంటైన్ 64 పౌన్ల, అంటే సుమారు 29 కిలోల సాల్మన్‌ను పట్టింది. తండ్రి పడవ నడపగా ఆమె పట్టిన ఈ చేప బ్రిటన్‌లో గాలానికి పడిన అతిపెద్ద సాల్మన్‌గా నేటికీ నమోదై ఉంది. అది అందుకున్నది ఖండాంతరాల ఈకలతో కట్టిన ఫ్లైని కాదు. నీటిలో గిరగిర తిరిగే డేస్ అనే చిన్నచేప ఎరను.

నీరు చల్లగా, ఉద్ధృతంగా ఉన్నప్పుడు బరువుగా లోతుకు దిగే పెద్ద ఎర, నీరు వెచ్చగా, తేటగా ఉన్నప్పుడు పైపొరలో సాగే చిన్న ఎర అన్నది క్రమంగా స్థిరపడిన నియమం. దీనికి ఆధారం చేప ఆకలి కాదు. నీటి ఉష్ణోగ్రత, వేగం, తేటదనం ఆధారాలు.

7. ఎర నుంచి రక్షణకు:

నేడు సాధనాల ఎంపికను నిర్ణయిస్తున్నది చేపల కొరత. 1999 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో జూన్ 16కు ముందు పట్టిన సాల్మన్‌ను తిరిగి నీటిలో వదలాలన్న నియమం వచ్చింది. ఆ కాలంలో ఫ్లై, కృత్రిమ ఎరలు తప్ప సహజమైన ఎరలు వాడరాదు. వానపామును చేప లోతుగా మింగుతుంది. అటువంటి చేపను వదిలినా బతకడం కష్టం. ఒకనాడు అంతస్తు పేరిట సాగిన ఎరల భేదానికి ఇప్పుడు జీవశాస్త్ర కారణం తోడైంది. స్కాట్లాండ్‌లో 2016 నుంచి నదులను వాటి సాల్మన్ స్థితిని బట్టి ఏటా వర్గీకరిస్తున్నారు. బలహీనమైన నదులలో పట్టిన ప్రతి చేపనూ వదలవలసిందే.

2023 డిసెంబర్‌లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అట్లాంటిక్ సాల్మన్‌ను ప్రపంచస్థాయిలో 'ముప్పుకు చేరువైన' జాతిగా ప్రకటించింది. 2006, 2020 మధ్య ప్రపంచవ్యాప్తంగా ఈ చేపల సంఖ్య 23 శాతం తగ్గినట్లు పేర్కొంది. గ్రేట్ బ్రిటన్ సాల్మన్‌ను 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వర్గంలో చేర్చింది. నదులకు అడ్డుకట్టలు, కాలుష్యం, చేపల పెంపక కేంద్రాల ప్రభావం, వేడెక్కుతున్న సముద్రం ఈ క్షీణతకు కారణాలు. వీటిలో దేనినీ ఎర మార్పు సరిదిద్దలేదు.

ఈకల మోహం మాత్రం చేపతో సంబంధం లేకుండానే బతికి ఉంది. 2009లో ట్రింగ్ పట్టణంలోని ప్రకృతిచరిత్ర మ్యూజియం నుంచి 299 పక్షి చర్మాలు చోరీకి గురయ్యాయి. వాటిలో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. విక్టోరియా కాలపు పద్ధతిలో సాల్మన్ ఫ్లైలు కట్టే ఒక యువకుడు ఈ చోరీకి పాల్పడ్డాడు. ఆ పద్ధతిలో కట్టే ఫ్లైలలో అత్యధికం నీటిని తాకవు, అద్దాల పెట్టెలలో ప్రదర్శన వస్తువులుగా ఉండిపోతాయి. ఎక్కడ, ఎప్పుడు సేకరించారో తెలిపే చీటీ తెగిపోయిన నమూనా శాస్త్రానికి దాదాపు నిరుపయోగం. అలంకరణ కోసం పోయిన ఆ సమాచారం తిరిగి రానిది.

8. ముగింపు:

వానపాము, సెన, ఈకల ఫ్లై, తిరిగే చిన్నచేప అనే నాలుగింటినీ సాల్మన్ ఏదో ఒక సందర్భంలో అందుకుంది. ఏ ఒక్కదానికీ ఎల్లవేళలా లొంగలేదు. గ్రంథకర్తలు చేప స్వభావంగా వర్ణించిన వాటిలో అధికభాగం ఆయా కాలాల వాణిజ్యం, ఆస్తిహక్కు, సౌందర్యాభిరుచి నుంచి పుట్టినవే. ఈ చరిత్రలో నష్టపోయిన వాటిని లెక్కించేటప్పుడు సాల్మన్‌తోపాటు టూకాన్‌ను, మకాను, దక్షిణ భారతపు అడవికోడిని కూడా చేర్చవలసి ఉంటుంది. గుడ్ల ఎరను నిషేధించిన 1861 చట్టం రానున్న తరపు చేపను కాపాడడమే వేటకు ఆధారమని గుర్తించింది. నేటి నియమాలన్నీ ఆ గుర్తింపుకు కొనసాగింపులే. ఎరల భేదాలను అంత శ్రద్ధగా నమోదు చేసిన సమాజం నది స్థితిపై అదే శ్రద్ధను ఆలస్యంగా చూపింది. నేడు సాల్మన్ మనుగడ ఆ రెండవ శ్రద్ధపైనే ఆధారపడి ఉంది.