పత్రికాసంపాదకుని సాంఘిక చరిత్ర: సురవరం ప్రతాపరెడ్డిగారి విమర్శమార్గము

సురవరం ప్రతాపరెడ్డిగారిని గూర్చి వ్రాయువారు సాధారణముగ ఆయన జీవితమును రెండు అరలలో సర్దుదురు. గోలకొండ పత్రికా సంపాదకుడొక అరలో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కర్త వేరొక అరలో నుండును. మొదటివానిని రాజకీయ చరిత్రకారులు తీసికొనిపోయిరి. రెండవవాడు మన తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలలో నిలిచెను. ఈ విభజన సరికాదని మా అభిప్రాయము. ఆ గ్రంథము పత్రికారచననుండి విరామము దొరకినప్పుడు ఒక పండితుడు చేసికొన్న కృషి కాదు. పత్రికారచన నేర్పిన చూపుతోనే వ్రాయబడినది. ఆ సంగతిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. అది ఆనాడు గద్వాల సంస్థానములోనిది. ఆ సంస్థానమునకు 'విద్వద్గద్వాల' యను పేరుండెను. ఆత్మకూరు, వనపర్తి, కొల్లాపురము మొదలగు పాలమూరు సంస్థానములన్నియు పండితులకు వార్షికములిచ్చి పోషించినవే. కావున తెలంగాణమున పాండిత్యము లేదనుట పొరపాటు. పాండిత్యముండెను గాని దానికి వినువారు ఆస్థానములోని కొలదిమంది మాత్రమే. రాజ్యమున అధికారభాష ఉర్దూ. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనాభాష ఉర్దూయే. 1921లో హైదరాబాదునందలి ఒక సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభ్యులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టిన కథ పాఠకులెరిగినదే. ప్రతాపరెడ్డిగారు మదరాసులో పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివి, కొంతకాలము న్యాయవాదిగ నుండి, రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహముతో హైదరాబాదు రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శి యైరి. ఏ విశ్వవిద్యాలయమునందును ఆచార్యపదవి వహింపలేదు. ఈ చివరి మాట ముందు మనకు అవసరపడును.

గోలకొండ పత్రికకు పూర్వము తెలంగాణమున తెలుగు పత్రికలు లేకపోలేదు. 1913లోనే పాలమూరునుండి 'హితబోధిని' వెలువడెను. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి 'నీలగిరి', ఓరుగల్లు ప్రాంతమున ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు' బయలుదేరెను. రాజధానికి దూరముగ, చందాదారులు తక్కువైన తావులలో, స్వంతముగ అచ్చుయంత్రము పెట్టుకొని పత్రిక నడపుట ఎట్టి సాహసమో అచ్చుకూటపు లెక్కలు తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అవి దీర్ఘకాలము నిలువలేదు. 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి అర్ధవారపత్రికగ వెలువడిన గోలకొండ పత్రిక మాత్రము నిలిచెను.

వారమునకు రెండుమారులు వెలువడు పత్రికకు సంపాదకుడైనవాడు ఏమి చదువును? మండలములనుండి వచ్చు జాబులను చదువును. ఒక గ్రామమున వెట్టి, ఒక గ్రామమున గ్రంథాలయ ప్రారంభము, వేరొక చోట జాతర, ఇంకొక చోట పట్వారీ దౌర్జన్యము. వ్రాయువారిలో పెక్కుమంది శిక్షితులైన రచయితలు కారు. కొందరు అతిశయోక్తులు చేయుదురు. కొందరు అసలు సంగతి విడిచి స్తోత్రపాఠములు వ్రాయుదురు. పది పంక్తుల జాబులో నమ్మదగిన వాక్యమేది, అలంకారమేది, వ్రాసినవాని కోపమేది యని విడదీయుటయే సంపాదకుని నిత్యకృత్యము. ఈ అభ్యాసమే తరువాత కావ్యములమీద ప్రయోగింపబడినదని మేమనుచున్నాము.

దీనికితోడు ప్రభుత్వపు దృష్టి. 1929లో వెలువడిన 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువు సభ జరుపుటకే ముందుగ అనుమతి కావలెననెను. సంపాదకీయములను సైతము ముందుగ చూపి అనుమతి పొందవలెనని నిర్బంధము రాగా, ప్రతాపరెడ్డిగారు ఆ స్థానమున లోకప్రసిద్ధులైన మహనీయుల సూక్తులు అచ్చువేయ మొదలిడిరని తెలంగాణమున నేటికిని చెప్పుకొందురు. పాలకులకు సూక్తులమీద నిషేధము విధించుట సులభము గాదు! పరుల మాటలను ఎన్నుకొని, ప్రక్కప్రక్కన పేర్చి, తన మాట చెప్పించుట ఒక విద్య. సాంఘిక చరిత్ర పుటలు తెరచినవారికి ఈ విద్య అందెంత పక్వమైనదో కనబడును.

1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' ఈ రెండు వృత్తులు కలిసిన మొదటి కూడలి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఆక్షేపణ వచ్చెను. (పూజ్యమనగా సున్నయనియు, పూజింపదగినదనియు రెండర్థములుండుట ఆక్షేపించినవారి దురదృష్టము.) దానికి పండితుడైనవాడు ఖండనవ్యాసము వ్రాసియుండును. సంపాదకుడు మాత్రము పత్రికాముఖమున ప్రకటించి, ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులను ఒక్క సంపుటమున నిలిపెను. అందులోని పద్యములన్నియు ఉత్తమములని మేమనము. పెక్కు పద్యములు సామాన్యములే. కాని ఆ సంచికను కవితాసంకలనముగ తూచుట పొరపాటు. ఎవరు, ఏ గ్రామమువారు, ఏ వృత్తివారు తెలుగున పద్యము వ్రాయుచున్నారో తెలుపు జనాభా లెక్క అది. వాదమునకు సమాధానముగ సాక్ష్యములను రాశిపోయుట ప్రతాపరెడ్డిగారి పద్ధతి.

పదునైదేండ్లకు, 1949లో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువడెను. అప్పటికి తెలుగున చరిత్రరచన బాల్యదశలో లేదు. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగము 1910లోనే వచ్చెను. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్యముల చరిత్ర ఆంగ్లమున 1948లో వచ్చెను. అందు సాంఘిక జీవితమునకు తగిన స్థానమున్నది. అయినను రాజులను వెనుకకు నెట్టి, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, మ్రొక్కిన దేవత మొదలగువానిచేతనే తూర్పుచాళుక్యులనుండి 1907 వరకు కథ నడపిన గ్రంథము తెలుగున అదియే మొదటిది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు తొలిసారిగ ఇచ్చిన బహుమతి దీనికే వచ్చెను. కర్త అప్పటికి కీర్తిశేషులు.

ఈ గ్రంథమునకు ఆధారములు ముఖ్యముగ కావ్యములు. ఏ కావ్యములు? పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర, క్రీడాభిరామము, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి. మన అలంకారికుల తక్కెడలో వీనిలో కొన్ని తేలిపోవును. హంసవింశతిని తరగతిలో పాఠము చెప్పుటకు ఆచార్యులు సంకోచింతురు. ప్రతాపరెడ్డిగారికి అది గనివంటిది; అందులోని వృత్తుల పేర్లు, పనిముట్ల పేర్లు, పిల్లల ఆటల పేర్లు ఆయనకు శాసనములతో సమానములు. క్రీడాభిరామమున మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒకదినము ఓరుగల్లు వీథులలో తిరుగుదురు. కోళ్లపందెము చూతురు, రూక యిచ్చి పూటకూటియింట భుజింతురు. రసజ్ఞుడు అందు శృంగారమును వెదకును. సంపాదకునికి అది రాజధానినుండి విలేఖరి పంపిన జాబు.

నిఘంటువుల విషయము కొంత విపులముగ చెప్పదగినది. ప్రాచీనకావ్యములలో ఒక ఆట పేరు వచ్చినచో నిఘంటువు 'క్రీడావిశేషము' అనును. ఒక పిండివంట పేరు వచ్చినచో 'భక్ష్యవిశేషము' అనును. పరిశోధక విద్యార్థులు ఈ 'విశేషము'తో ఎంత విసిగియుందురో మాకు తెలియును. నిఘంటుకర్తల తప్పు లేదు. పద్యమున ఆ పదమున్నదని చెప్పుటతో వారి పని తీరెను. ప్రతాపరెడ్డిగారు అచట ఆగరు. ఆ పదము తెలంగాణపు పల్లెలలో ఇంకను వాడుకలోనున్నదా, ఆ ఆటను పిల్లలు వేరొక పేరుతో ఆడుచున్నారా యని పోల్చి చూతురు. కోస్తా పండితునికి మృతమైన మాట పాలమూరున బ్రతికియుండవచ్చును. నిందగ ఎంచబడిన తెలంగాణపు మాట ఇచట ప్రాచీనకావ్యమునకు వ్యాఖ్యానమైనది. గోలకొండ కవుల సంచికలో బయటికి చెప్పిన వాదమే ఇందు నిశ్శబ్దముగ సాగినది.

ఇట్టి చూపు తెలంగాణమునకే పరిమితము కాదనుటకు ఒక జర్మను విమర్శకుని వృత్తాంతము తోడ్పడును. వాల్టర్ బెంజమిన్ 1892లో బెర్లినులో పుట్టెను. ప్రతాపరెడ్డిగారికంటె నాలుగేండ్లు పెద్ద. జర్మను విషాదనాటకమును గూర్చిన ఆయన పరిశోధనమును 1925లో ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయము అంగీకరింపదని తేలగా, ఆయనకు ఆచార్యపదవి ఆశ తీరిపోయెను. అటుపై పత్రికలలో గ్రంథసమీక్షలు, 1927నుండి రేడియో ఆయనకు జీవనాధారములయ్యెను. 1933 వరకు బెర్లిను, ఫ్రాంక్‌ఫర్టు కేంద్రములనుండి ఎనుబదికి పైగా ప్రసంగములు చేసెను. వానిలో పెక్కులు పిల్లలకొరకు. విషయములేవి? బెర్లిను మాండలికము, వీథివర్తకులు, సంతలు, ఆటబొమ్మలు, బొమ్మలాటలు! ఇద్దరికిని ఒకరి పేరొకరికి తెలిసియుండునని మేము తలపము. కాని విద్యాపీఠమున చోటు లేని విమర్శకుడు, వారమువారము సామాన్యజనులకు ఏదో చెప్పవలసివచ్చినప్పుడు, అతని దృష్టి సహజముగ సంతమీదికి, బొమ్మలాటమీదికి మరలును. ఇద్దరియందును ఈ మరలుట ఒక్క కాలముననే జరిగినది.

భేదమును మరువరాదు. బెంజమినునకు రేడియో దొరకెను. 1933లో నాజీలు అధికారమునకు రాగానే అది చేజారెను. హైదరాబాదున 1935లో ప్రసారము లారంభించిన దక్కను రేడియో నిజాము ప్రభుత్వపు గొంతు. 1950లో గాని అది ఆలిండియా రేడియోలో చేరలేదు. సంపాదకీయములకే అనుమతి కావలసిన రాజ్యమున విమర్శకునికి మిగిలినది అచ్చుకాగితము మాత్రమే. ఆ కాగితమునకైన గతి ఏమి? బెంజమిన్ ప్రసంగపాఠములను పారిసులో ఆయన విడిచిన గదినుండి గెస్టపోవారు పట్టుకొనిపోయిరి. అవి ఒక ప్రవాస జర్మను దినపత్రిక కార్యాలయపు కాగితములతో పొరపాటున కలిసిపోయి నాశనము తప్పించుకొనెను. ఆయన కంఠస్వరము మాత్రము ఒక్క ముద్రణయందును దక్కలేదు.

సాంఘిక చరిత్రలోని లోపములును సంపాదకుని లోపములే. వర్ణనలు కవిసమయములై ఒక కావ్యమునుండి ఇంకొక కావ్యమునకు ప్రాకుననుట మనకు తెలిసినదే. నారాయణామాత్యుడు చెప్పిన ఆటలన్నియు ఆతడు చూచినవా, లేక పూర్వకవుల పట్టికలనుండి తెచ్చినవా యను ప్రశ్న కొన్ని తావులలో అడుగబడలేదు. వేరువేరు సీమల కవుల సాక్ష్యములను ఒక్క యుగము క్రింద చేర్చుటచేత ఓరుగంటి ఆచారము కొండవీటి ఆచారముగ తోచు ప్రమాదమున్నది. జూదమును, మూఢాచారములను వర్ణించు సందర్భములలో చరిత్రకారుడు తప్పుకొని సంపాదకీయకర్త ముందునకు వచ్చి మందలించును. మతవిషయకములైన వ్యాఖ్యలలో ఆనాటి హైదరాబాదు రాజ్యపు సంఘర్షణల నీడ కనబడును. నేటి పరిశోధకుడు వీనిని సవరించుకొని చదువవలెను. అయినను ఆ గొంతును తీసివేసినచో పుస్తకము వట్టి పట్టికయైపోవును. ఇన్ని వివరములను ఓపికగ చదివించునది ఆ గొంతే.

ప్రతాపరెడ్డిగారు 1930లో జోగిపేటయందు జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న పరమపదించిరి. రాజకీయ జీవితమును గూర్చి ఇతరులు వ్రాసియున్నారు గనుక ఇచట విస్తరింపము.

మా శాఖలలో ప్రతాపరెడ్డిగారిమీద పనిచేయు విద్యార్థులు ముందుగ గ్రంథములను చదివి, పత్రికను చివరి అధ్యాయమున 'ఇతర రచనలు' అను శీర్షిక క్రింద చేర్చుట వాడుకగనున్నది. ఈ క్రమమును తలక్రిందు చేయవలెనని మా సూచన. సాంఘిక చరిత్ర 1907తో ఆగును. ఆ తరువాతి తెలంగాణము ఏమి తిన్నది, ఏమి కట్టినది, ఏ జాతరకు పోయినది, ఏ గ్రామమున ఎవరు మొదటి గ్రంథాలయము పెట్టిరి, వివాహములకు కట్నములెంత యిచ్చిరి, ఏ మందులకు ప్రకటనలు వచ్చెను అను సామగ్రి గోలకొండ పత్రికలోని జాబులలో, ప్రకటనలలో, చిన్న వార్తలలో నున్నది. దానిని సేకరించినవారు, ఎన్నుకొన్నవారు, దిద్దినవారు ఆ చరిత్రకారులే.