ఆకు చెప్పని రకం డీఎన్‌ఏ చెబుతుంది

హైదరాబాద్ టెక్నాలజీ అంటే మనకు హైటెక్ సిటీయే గుర్తొస్తుంది. అక్కడ సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకుముందే, 1980ల్లోనే, ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ గారు మనుషుల్ని గుర్తుపట్టే డీఎన్‌ఏ వేలిముద్ర పద్ధతిని మన దేశంలో తయారుచేశారు. తర్వాత ఆ పని కోసమే సీడీఎఫ్‌డీ అనే సంస్థ వచ్చింది. అందులో డాక్టర్ జె. నాగరాజు గారి బృందం బాస్మతి రకాల డీఎన్‌ఏ తేడాల మీద 2002లో పరిశోధన ప్రచురించింది. బాస్మతిలో వేరే బియ్యం కలిపితే పట్టేసే పరీక్షలు అలా మన ఊరికే వచ్చాయి.

ఇదే పద్ధతి కాఫీ మొక్కకూ పనికొస్తుంది, ఆకు ముక్క చాలు. అరకులో ఎక్కువగా అరబికా కాబట్టి గింజతో నడుస్తుంది. రోబస్టా సంగతి వేరు. కొమ్మ కత్తిరించి పెంచిన మొక్కలు, అంటే క్లోన్లు, తల్లి చెట్టుకు అచ్చు నకళ్లు. రోబస్టా తన పుప్పొడితో తాను కాయ కట్టదు. తోటంతా ఒకే క్లోన్ అయితే పూత వస్తుంది గానీ కాయ నిలవదు. మూడేళ్లు సాకాక ఆ సంగతి తెలిస్తే ఏం లాభం చెప్పండి?

పరీక్ష రకం చెబుతుంది, మొక్క ఆరోగ్యం చెప్పదు. అందుకే నారు కొనేటప్పుడు వేరు చూడండి, బిల్లు మీద క్లోన్ పేరు రాయించుకోండి. రేపు పరీక్ష చేయించినా, పోల్చి చూడడానికి ఆ పేరే ఆధారం.