కపాలం: అంకెనుండి ఆకృతికి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1946లో కలకత్తాలోని భారత గణాంక సంస్థనుండి కేంబ్రిడ్జికి వెళ్ళారు. ఆయనను పిలిపించినది ప్రాచీనుల ఎముకల కొలతలను విశ్లేషించడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా వద్ద 1911-14 నడుమ హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన సమాధుల అస్థికలవి.

కపాలాలు, ముఖాలు కొలిచే విద్యకు అప్పటికే మన దేశంలో అపకీర్తి ఉంది. 1891లో బెంగాల్ కులాలపై గ్రంథం వెలువరించిన హెర్బర్ట్ రిస్లీ, ముక్కు వెడల్పును పొడవుతో భాగించగా వచ్చిన అంకెలో కులాల అంతస్తును చూశాడు. కొలిచే పరికరం చేసిన పాపమేమీ లేదు. మనిషిని ఒక్క అంకెకు కుదించి, ఆ అంకెలను నిచ్చెనమెట్లుగా పేర్చడంలోనే దోషమంతా ఉంది.

మహలనోబిస్ 1936లో నిర్వచించిన దూరమానంలో నిచ్చెన లేదు. పలు కొలతలను, వాటి పరస్పర సంబంధంతో సహా, అది ఒక్కసారిగా లెక్కకు తెస్తుంది. రెండు సమూహాల నడుమ ఎడమెంతో చెబుతుంది, ఎవరు ఎక్కువో చెప్పదు. రావు జెబెల్ మోయా కపాలాలకు వర్తింపజేసినది దీనినే. ఆ అధ్యయనం 1955లో గ్రంథంగా వెలువడింది.

అయితే కాలిపర్స్ బిందువుకూ బిందువుకూ మధ్య దూరాన్నే పట్టగలదు. నడుమనున్న వంపు జారిపోతుంది. 1971లో లండన్‌లో తొలిసారి రోగిపై ప్రయోగించిన సి.టి. స్కాన్ ఆ కొరతను తీర్చే దారి చూపింది. ఎక్స్‌కిరణాలతో తీసిన పొరలను కంప్యూటర్ పేర్చగా కపాలం త్రిమితీయంగా నిలుస్తుంది. పంటిని కోయకుండానే పింగాణి కింది డెంటిన్ గట్లు కనిపిస్తాయి. ఒక్కొక్క బిందువుకు మూడు నిరూపకాలు గుర్తించి, పరిమాణాన్నీ, ఉంచిన దిశనూ లెక్కనుండి తొలగిస్తే మిగిలేది ఆకృతి. ఆ ఆకృతుల సమూహాలను పోల్చేటప్పుడు పరిశోధకులు నేటికీ తరచు చేపట్టేది మహలనోబిస్ దూరమే.